జబల్పూర్ నుంచి నరసన్నపేటకు పాత శక్తిమాన్ లారీ తేవాలి: ఏ బండి మీద, ఏ దారిన?

సిక్కోలు_రమణ

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా ఊళ్ళో వీధికి ముగ్గురు నలుగురు సైన్యంలో చేసి వచ్చినవాళ్ళే ఉంటారు. వాళ్ళంతా చందాలు వేసుకుని ఒక పాత శక్తిమాన్ లారీ కొన్నారు. హైస్కూలు ఆవరణలో నిలబెట్టాలని వాళ్ళ కోరిక. మా నాన్న ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఈ బండే నడిపారు కాబట్టి తెచ్చే బాధ్యత నాకు అప్పగించారు.

బండి జబల్పూర్ శివార్లలో ఒక ప్రైవేటు యార్డులో ఉంది. ఎప్పుడో ఆర్మీ వేలంలో కొన్నాయన దగ్గర మేము తీసుకున్నాం. ఇంజన్ స్టార్ట్ అవుతుంది గానీ బ్రేకుల్ని నమ్మలేం, టైర్లు పగిలిపోయాయి. ట్రైలర్ కోసం ఫోన్లు చేస్తే ఒకాయన 80 వేలన్నాడు, ఇంకొకాయన లక్షా 70 వేలన్నాడు. ఒకే బండికి, ఒకే ఊరికి ఇంత తేడా ఏమిటో అర్థం కావడం లేదు. 80 వేలాయన సగం డబ్బులు ఈ రోజే పంపమంటున్నాడు. ఊరివాళ్ళ డబ్బు కాబట్టి టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

లోబెడ్_శీను

రమణ గారూ, ఈ రోజు ఎవరికీ రూపాయి పంపకండి.

మాది గాజువాక. ట్రైలర్లు తిప్పుతాం, ఎక్కువగా పొక్లెయిన్లు, రోలర్లు మోస్తాం. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ ఇద్దరిలో ఎవరైనా బండి ఎత్తు ఎంతో అడిగారా? బరువు అడిగారా? అడక్కుండా రేటు చెప్పారంటే అది రేటు కాదు. ట్రైలర్ యార్డు గేటు దగ్గరికి వచ్చాక "ఇంత ఎత్తుందని చెప్పలేదే" అని మొదలుపెడతారు. అప్పటికి మీ డబ్బు వాళ్ళ దగ్గర ఉంటుంది, బండి మాత్రం నేల మీదే ఉంటుంది.

తేడా ఎందుకంటే, 80 వేలన్నది మామూలు ఫ్లాట్ ట్రైలర్ అయ్యుంటుంది. స్టీలు కాయిల్స్, పైపులు వేసేది. దాని బెడ్ నేల నుంచి దగ్గర దగ్గర మీటరున్నర ఎత్తులో ఉంటుంది. లక్షా 70 అన్నాయన లో బెడ్ లెక్క చెప్పి ఉంటాడు. అది మీటరు లోపే ఉంటుంది. గూడ్స్ బండికి సరుకుతో కలిపి 4 మీటర్ల ఎత్తు వరకే అనుమతి. అంటే మీ శక్తిమాన్ రెండున్నర మీటర్లు దాటిన ప్రతి అంగుళం ఫ్లాట్ బెడ్ మీద మీకు సమస్యే. ఎత్తు దాటి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20 వేలు జరిమానా పడుతుంది, పైగా సరుకు దింపించే ఖర్చు మనదే. అడవి మధ్యలో చెక్‌పోస్టు దగ్గర లారీ మీద నుంచి లారీని ఎక్కడ దింపుతారు?

ముందు నాలుగు కొలతలు కావాలి. పొడవు, అద్దాలు మడిచాక వెడల్పు, నేల నుంచి అన్నిటికన్నా ఎత్తైన చోటు, బరువు. బరువు ఎవరి మాటా నమ్మకండి. దగ్గర్లో కాటా ఉంటే దాని చీటీ తీసుకోండి.

జబల్పూర్_తెలుగు

రమణ గారూ, నేను ఉద్యోగరీత్యా జబల్పూర్‌లోనే ఉంటాను. యార్డు ఎక్కడో ప్రైవేటు మెసేజ్‌లో చెప్పండి. ఆదివారం టేపు పట్టుకుని వెళ్ళి కొలిచి ఫొటోలు పెడతాను.

ఈ బండి పుట్టింది ఈ ఊళ్ళోనే. 1958లో జర్మనీ మాన్ కంపెనీతో ఒప్పందం చేసుకుని, కృష్ణ మీనన్ రక్షణ మంత్రిగా ఉన్న రోజుల్లో ఇక్కడి గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో తయారీ మొదలుపెట్టారు. తర్వాత 1969లో వచ్చిన వెహికల్ ఫ్యాక్టరీకి మారింది. 1996 దాకా తయారు చేశారు. ఊళ్ళో పాత మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. ఎక్కించే రోజు ఒకరిని వెంటపెట్టుకోవచ్చు.

హవల్దార్_సాబ్

జై హింద్ రమణ బాబూ. నేనూ ఆర్మీ సర్వీస్ కోర్ (ఏఎస్‌సీ) వాడినే. డ్రైవర్‌గా శక్తిమాన్ మీద చాలా ఏళ్ళు కూర్చున్నాను. మీ నాన్నగారికి నా నమస్కారాలు.

నేను బండి గురించి మాత్రమే చెబుతాను. "ట్రైలర్ ఎందుకు, వెనక ఇంకో లారీకి కట్టి లాక్కెళ్ళిపోదాం" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఒప్పుకోవద్దు. అది ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం వెళ్ళే బండి. ఇంజన్ ఆగి ఉండగా చక్రాలు తిరిగితే చక్రాలకు బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టులు, ఆ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేర్ల పెట్టెను (ట్రాన్స్‌ఫర్ కేసు) కూడా తిప్పుతాయి. లోపల నూనె అందాల్సిన చోటికి అందదు. నాలుగు ఊళ్ళు దాటేసరికి బేరింగులు పోతాయి. లాగక తప్పని పరిస్థితి అయితే ముందు వెనక షాఫ్టులు రెండూ విప్పాలి. అదీ వెయ్యి కిలోమీటర్లకు కాదు, యార్డులోంచి రోడ్డు దాకా.

పగిలిన టైర్లతో ర్యాంపు ఎక్కించవచ్చు, భయం లేదు. గాలి మాత్రం పట్టించి ఒక రాత్రి ఉంచి చూడాలి. ట్రైలర్ మీద ఉండగా గాలి దిగిపోతే కట్టిన గొలుసులన్నీ వదులవుతాయి.

కొత్త_మెంబర్_27

ఇంజన్ బాగానే ఉందంటున్నారు కదా, బ్రేకులు బాగు చేయించి టెంపరరీ రిజిస్ట్రేషన్ తీసుకుని నడిపించుకుని రాలేరా? కిరాయి మిగులుతుంది.

కాగితాల_కృష్ణ

అది కుదరదండీ. కారణం చెబుతాను, ఎందుకంటే మిలటరీ బండి కొన్న ప్రతివాళ్ళూ ఇక్కడే చిక్కుకుంటారు.

సైన్యం వాడే బండ్లకు మన ఆర్టీవో రిజిస్ట్రేషన్ ఉండదు. పైకి బాణం గుర్తున్న వాళ్ళ నంబరు వేరు. మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ దాని గురించే. రక్షణ అవసరాల నుంచి తీసేసిన క్షణం నుంచి ఆ బండికి అందరిలాగే 39, 40 సెక్షన్లు వర్తిస్తాయి. అంటే మామూలు రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. ఇంత పాత బండికి ఇప్పుడు రిజిస్ట్రేషన్ అంటే ఫిట్‌నెస్, పొగ, బీమా అన్నీ కావాలి. పైగా 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలు స్క్రాపింగ్ కేంద్రాలకే వెళ్ళాలని నిబంధన వచ్చింది. కాబట్టి ఇకమీదట వేలంలో కొని రోడ్డు మీద నడపాలనుకునేవాళ్ళు ఆ ఆలోచనే మానుకోవాలి. రమణ గారి బండి అంతకు చాలా ముందే ప్రైవేటు చేతికి వచ్చింది. దాన్ని వాహనంగా కాకుండా సరుకుగా తేవడమే దారి.

సరుకుగా తేవాలన్నా అది మీదేనని రుజువు చెయ్యాలి. నాకు ముఖ్యంగా కనిపిస్తున్నది, మొదటి కొనుగోలుదారు పేరున ఉన్న వేలం కాగితాలు. సేల్ లెటర్, డెలివరీ ఆర్డరు, డిపో గేట్ పాస్. వాటిలో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఉండాలి. అవి బండి మీద కొట్టిన నంబర్లతో కలవాలి. తర్వాత ఆయన మీకు అమ్మినట్టు రాసిన పత్రం. ఒలివ్ గ్రీన్ రంగు లారీ ట్రైలర్ మీద వెళ్తుంటే ప్రతి పోలీసూ ఆపి అడుగుతాడు. ఈ కాగితాలు ఒక సెట్టు ట్రైలర్ డ్రైవర్ దగ్గర ఉంటే రెండు నిమిషాల్లో వదిలేస్తారు.

రంగు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది, రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకే మోటారు వాహనానికీ ఒలివ్ గ్రీన్ వేయకూడదంటుంది. దారిలో నిండా పట్టా కప్పి తీసుకెళ్ళండి. బాణం నంబరు, యూనిట్ గుర్తులు ఇంకా ఉంటే ఎక్కించే ముందే చెరిపించండి. స్కూల్లో నిలబెట్టాక రంగు సంగతి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒకసారి మాట్లాడి, రాతపూర్వకంగా ఏదైనా తీసుకుంటే తర్వాత ఎవరూ ప్రశ్నించరు.

సిక్కోలు_రమణ

కృష్ణ గారూ, చాలా థ్యాంక్స్. యార్డు ఆయనకు ఫోన్ చేశాను. డెలివరీ ఆర్డరు, గేట్ పాస్ ఒరిజినల్స్ ఉన్నాయట. సేల్ లెటర్ జిరాక్స్ మాత్రమే ఉందట. బాణం నంబరు ముందు బంపరు మీద ఇంకా కనబడుతోందట.

డల్లాస్_వంశీ

నేను టెక్సస్‌లో ఉంటాను. ఇక్కడ అమెరికన్ ఆర్మీ వదిలేసిన ఎం35 లారీ ఒకటి మిత్రులం కొన్నాం. దేశం వేరైనా చిక్కులు ఇవే. ఇక్కడ ఎస్ఎఫ్-97 అనే కాగితం లేకపోతే టైటిల్ రాదు. ఎత్తు హద్దు చాలా రాష్ట్రాల్లో 13 అడుగుల 6 అంగుళాలు. ఆ లారీకి క్యాన్వాస్ కప్పే ఇనుప కమానులు (హూపులు) తీసేస్తే, మెట్టులా బెడ్ కిందికి దిగిన ట్రైలర్ (స్టెప్ డెక్) మీద హాయిగా పడుతుంది, తియ్యకపోతే అనవసరంగా ఖరీదైన ట్రైలర్ కావాలి. రమణ గారి బండికీ హూపులు ఉన్నాయేమో చూడండి. అవి బోల్టులే, విప్పి వెనక బాడీలో కట్టెయ్యొచ్చు. అలాగే బ్రోకర్ ఒకడు బుక్ చేసి, వాడు ఇంకొకడికి అమ్మి, బండి ఎవరి ట్రైలర్ మీద ఉందో మనకే తెలియని మోసం ఇక్కడా మామూలే. ట్రైలర్ నంబరు చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దు.

జబల్పూర్_తెలుగు

వెళ్ళొచ్చాను. ఫొటోలు పెట్టాను చూడండి. పొడవు ఆరున్నర మీటర్ల లోపే. వెడల్పు అద్దాలు మడిస్తే రెండున్నర లోపు. ఎత్తు వెనక హూపుల మీద 2.9 మీటర్లు, క్యాబిన్ దగ్గర 2.6. హూపులు నాలుగు, బోల్టులు తుప్పు పట్టాయి గానీ డీజిల్ పోసి ఒక పూట ఉంచితే వస్తాయన్నాడు మెకానిక్. కాటా పక్కనే ఉంది, కానీ బండిని అక్కడికి కదిలించే ధైర్యం యార్డు ఆయన చెయ్యలేదు. ఆయన దగ్గర పాత చీటీ ఒకటి ఉంది, అందులో 5 టన్నుల పైచిలుకు ఉంది.

ఛాసిస్ నంబరు కుడివైపు ముందు ఫ్రేమ్ మీద కొట్టి ఉంది. గ్రీజు తుడిచి, సుద్ద రాసి ఫొటో తీశాను. గేట్ పాస్‌లో ఉన్న నంబరుతో అక్షరం పొల్లు పోకుండా కలిసింది. ఒక మాట, లోపల వెనక బాడీ నిండా పాత టైర్లు, జాకీలు, ఏవో ఇనుప సామాన్లు ఉన్నాయి. అవి తీయించకపోతే కాటా లెక్క మారుతుంది.

లోబెడ్_శీను

బ్రహ్మాండంగా చూసొచ్చారు సార్.

ఇప్పుడు లెక్క తేలిపోయింది. ఫ్లాట్ బెడ్ మీద హూపులు తీసేసినా 1.5 ప్లస్ 2.6, మొత్తం 4.1. దాటుతుంది. లో బెడ్ మీద హూపులతోనే 3.85 దగ్గర ఉంటుంది, తీసేస్తే 3.55. వెడల్పు 2.6 లోపే కాబట్టి ఇది ఓవర్ డైమెన్షన్ కార్గో (ఓడీసీ), అంటే హద్దు కొలతలు దాటిన సరుకు కాదు. ఈ ముక్క రాసి పెట్టుకోండి. కొంతమంది ఏజెంట్లు "ఓడీసీ పర్మిషన్ ఖర్చు" అని పైన పాతిక వేలు వేస్తారు. మీకు ఆ పర్మిషన్ అవసరమే లేదు.

ఆ టైర్లు, జాకీలు మొత్తం దింపించండి. మీకు కావాలంటే విడిగా కట్టి ట్రైలర్ బెడ్ మీద పెట్టుకోవచ్చు. లారీ బాడీలో వదులుగా ఏదీ ఉండకూడదు.

రేటు తగ్గాలంటే రిటర్న్ బండి పట్టాలి. విశాఖ నుంచి యంత్రాలు ఎక్కించుకుని సింగ్రౌలి, కోర్బా వైపు గనులకు వెళ్ళే లో బెడ్లు తిరుగు ప్రయాణంలో చాలాసార్లు ఖాళీగానే వస్తాయి. వాళ్ళకు డీజిల్ డబ్బులు వచ్చినా చాలు అనుకుంటారు. తొందర లేదంటే అదే మంచిది.

సాలూరు_నాయుడు

రమణా, మన ఉత్తరాంధ్ర వాడివై ఉండి సాలూరు మర్చిపోతే ఎలాగ? విజయవాడ తర్వాత లారీలకు పేరున్నది మా ఊరే. రాయ్‌పూర్-విశాఖ లైను మా వాళ్ళ చేతి కింద ఉన్న లైను. లో బెడ్ ఎందుకు? పన్నెండు చక్రాల ఓపెన్ బాడీ లారీ, సైడు డోర్లు తీసేసి ఎక్కించుకోవచ్చు. జబల్పూర్, మండ్లా, కవర్ధా, రాయ్‌పూర్, కేష్కాల్ ఘాట్, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు. వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ. నాగ్‌పూర్ మీద నుంచి హైదరాబాద్, విజయవాడ తిరిగి వస్తే 1500 అవుతుంది. అయిదు వందల కిలోమీటర్ల డీజిల్ ఎందుకు తగలెయ్యాలి?

లోబెడ్_శీను

నాయుడు గారూ, సాలూరు డ్రైవర్ల మీద నాకు గౌరవం ఉంది. ఘాట్ రోడ్డు మీద వాళ్ళను మించినవాళ్ళు లేరు. కానీ రెండు అభ్యంతరాలు. ఓపెన్ బాడీ లారీ బెడ్ కూడా మీటరున్నర దగ్గరే ఉంటుంది, అంటే మళ్ళీ 4 మీటర్లు దాటుతాం. రెండోది, అంత ఎత్తున అయిదు టన్నులు పెట్టుకుని కేష్కాల్ మలుపులు, ఆ తర్వాత కోరాపుట్ నుంచి సాలూరు దిగేటప్పుడు సుంకి ఘాట్. బరువు పైన ఉన్న బండి హెయిర్‌పిన్ మలుపుల్లో ఎలా వాలుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక లో బెడ్ అయితే ఆ ఘాట్లలోకి నేను పంపను. పొట్ట కింద ఖాళీ తక్కువ. మలుపులో రోడ్డు మధ్య ఎత్తుగా ఉంటే అక్కడ పొట్ట ఆనుకుని కూర్చుండిపోతుంది, ఇక ముందుకూ వెనక్కూ రాదు. నాగ్‌పూర్, ఆదిలాబాద్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ, విశాఖ మొత్తం పెద్ద రోడ్డే. సివనీ దాటాక పెంచ్ అడవిలో కూడా జంతువులు కింద నుంచి వెళ్ళేలా రోడ్డును పైకి లేపి కట్టారు. లో బెడ్‌కు ఇబ్బంది లేదు.

సాలూరు_నాయుడు

ఎత్తు మాట నిజమే. నేను 2.6ను 2.3 అనుకుని మాట్లాడలేదు, ఫొటో చూశాకే చెప్పాను. హూపులు తీసి టైర్లలో గాలి కొంత తగ్గిస్తే నాలుగుకు దగ్గరగా వస్తుందని నా లెక్క. అయినా అంచు మీద నడిచే లెక్కతో ఊరి సొమ్ము రోడ్డెక్కించమని నేను చెప్పను. రాయ్‌పూర్-విశాఖ ఎక్స్‌ప్రెస్‌వే పూర్తిగా వాడుకలోకి వస్తే ఈ చర్చే ఉండదు. అప్పటిదాకా లో బెడ్ అయితే నాగ్‌పూర్ దారే సరి.

హవల్దార్_సాబ్

ట్రైలర్ మీద కట్టడం గురించి ఎవరూ ఇంకా మాట్లాడలేదు. నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది.

మా రోజుల్లో రైలు మీద బండ్లు ఎక్కించేటప్పుడు చక్రానికి రెండు పక్కలా చెక్క దిమ్మలు వేసి, వ్యాగన్ నేలకు మేకులు కొట్టేవాళ్ళం. తర్వాత తీగతాడు నాలుగు మూలలా. ముందు రెండు టో హుక్కులు ఉంటాయి, వెనక ట్రైలర్ తగిలించే పింటిల్ హుక్కు. ఆ చోట్లు లాగడానికే చేసినవి కాబట్టి బలం తట్టుకుంటాయి. ఏ డ్రైవరైనా బంపరుకో, స్ప్రింగు పట్టీకో, ఇంకా ఘోరంగా స్టీరింగు రాడ్డుకో గొలుసు వేస్తానంటే ఆపెయ్యండి. బ్రేకు పైపుల మీదుగా గొలుసు పోకూడదు.

లోబెడ్_శీను

సాబ్ చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో పద్ధతి కూడా వాడతాను. ఛాసిస్‌కు కడితే స్ప్రింగుల మీద బండి కిందికీ పైకీ ఊగినప్పుడల్లా గొలుసు వదులై మళ్ళీ బిగుసుకుంటుంది. అందుకని పాత స్ప్రింగుల బండ్లకు ఇరుసుల దగ్గర కడతాను. చక్రాలు బెడ్‌కు అతుక్కుని ఉంటాయి, బాడీ దాని పాటికది ఊగుతుంది.

హవల్దార్_సాబ్

ఇరుసుకు కట్టడం తప్పని అనను. కానీ ఇరుసు మీద బ్రేకు పైపులు, డిఫరెన్షియల్ బ్రీదర్ ఉంటాయి. చూసి కట్టే ఓపిక ఉన్న డ్రైవర్‌కే అది. తెలియని చేతికి టో హుక్కులే క్షేమం.

డల్లాస్_వంశీ

ఇక్కడ చట్టం ప్రకారం, కట్టిన గొలుసులన్నిటి పని సామర్థ్యం (క్షేమంగా తట్టుకునే బరువు) కలిపితే సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. యూరప్‌లో ముందువైపు జారకుండా బరువులో 80 శాతం బలానికి లెక్క వేస్తారు. 10 మిల్లీమీటర్ల గ్రేడ్ 80 గొలుసుకు 3.15 టన్నుల పని సామర్థ్యం ఉంటుంది. అయిదారు టన్నుల బండికి అలాంటివి నాలుగు, నాలుగు మూలలా, ఒక్కోటి విడిగా. ముందు ఒకటి వెనక ఒకటి పొడుగ్గా వేసి సరిపెట్టేస్తే పక్కకు జారుతుంది. గొలుసు మీద గ్రేడు ముద్ర చూడండి. ముద్ర లేని గొలుసు బజారు గొలుసే, దాని బలం ఎవరికీ తెలియదు.

లోబెడ్_శీను

మన దగ్గర ముద్ర ఉన్న గొలుసు అందరి దగ్గరా ఉండదు వంశీ గారూ, కానీ అడగడం మంచి అలవాటు. రమణ గారూ, బుక్ చేసేటప్పుడే "గొలుసులు, వాటిని బిగించే రాట్చెట్లు మీవేనా, ఎన్ని" అని అడగండి. నైలాన్ తాళ్ళతో వచ్చేవాడైతే వద్దనండి. మొదటి ముప్పై నలభై కిలోమీటర్లలో గొలుసులు సర్దుకుంటాయి, లఖ్‌నాదోన్ లోపే ఒకసారి ఆపి బిగించమని డ్రైవర్‌తో మాట తీసుకోండి. ఆ తర్వాత టీకి ఆగిన ప్రతిచోటా.

బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. డీజిల్ ట్యాంకులో అడుగున ఉన్నంత ఉంటే చాలు. గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు పనిచేస్తే వేయండి, పనిచేస్తుందని నమ్మి మాత్రం దిమ్మలు మానకండి.

అరుణ_విజయవాడ

నేను ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బిల్లింగ్ చూస్తాను. కాగితాల విషయంలో మగవాళ్ళందరూ "డ్రైవర్ చూసుకుంటాడు" అని వదిలేస్తారు. రమణ గారూ, మీరు వదలకండి.

సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే కాగితం ఉండాలి. మీరు జీఎస్టీలో లేకపోయినా ట్రాన్స్‌పోర్టర్ తీయగలడు. గడువు మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. 1500 కిలోమీటర్లకు ఎనిమిది రోజులు వస్తుంది. ఓవర్ డైమెన్షన్ కార్గో అని పొరపాటున టిక్ పెడితే 20 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన నెలలకు నెలలు చూపిస్తుంది. ఎక్కువ గడువు వస్తోంది కదా అని కొందరు కావాలనే అలా పెడతారు. అప్పుడు దారిలో ఓడీసీ పర్మిషన్ చూపించమంటారు. పెట్టనివ్వకండి. ట్రైలర్ దారిలో పాడై గడువు అయిపోతే, ముగిసే వేళకు 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల తర్వాత వరకూ పొడిగించుకోవచ్చు. ట్రైలర్ మారితే బిల్లులో బండి నంబరూ మార్చాలి.

రెండోది లారీ రసీదు, అదే ఎల్ఆర్. దాని మీద సరుకు వివరం "ఓల్డ్ మెషినరీ" అని రాస్తే ఒప్పుకోకండి. ఛాసిస్ నంబరుతో సహా రాయించండి, విలువ ప్రకటించండి. ఎందుకంటే క్యారేజ్ బై రోడ్ చట్టం కింద మీరు ఎక్కువ విలువ ప్రకటించి దానికి తగ్గ ఛార్జీ కట్టకపోతే, నష్టం జరిగితే ట్రాన్స్‌పోర్టర్ బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్ళాలన్నా బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లో లిఖితపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. ఎల్ఆర్ లేనివాడికి ఇవేవీ వర్తించవు. మా ఆఫీసుకే ఇలా వచ్చి ఏడ్చినవాళ్ళను చూశాను. ఒక ఏజెంటు వాట్సాప్‌లో పంపిన చీటీ తప్ప వాళ్ళ దగ్గర ఇంకేమీ ఉండదు.

ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ కూడా తీసుకోండి. ఇన్‌లాండ్ ట్రాన్సిట్‌లో ఏ, బీ, సీ అని క్లాజులు ఉంటాయి. సీ అంటే నిప్పు, పిడుగు వరకే. బీలో బండి గుద్దుకోవడం, బోల్తా పడటం కూడా వస్తాయి. ఏలో మినహాయింపులు తప్ప మిగతా నష్టాలన్నీ వస్తాయి. ఇలాంటి బండికి కనీసం బీ. ఎక్కించే ముందు తీసిన ఫొటోలు, తేదీతో, పాలసీ కాగితంతో పాటే దాచండి.

సిక్కోలు_రమణ

అరుణ గారూ, ఈ వివరం నాకు ఏ ఏజెంటూ చెప్పలేదు. మీ పోస్టు ప్రింటు తీసి మా పెద్దల చేతికి ఇచ్చాను.

80 వేలాయనకు ఫోన్ చేసి ట్రైలర్ నంబరు, బెడ్ ఎత్తు అడిగాను. "ముందు డబ్బు వేయండి, తర్వాత చెబుతా" అన్నాడు. మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. శీను గారు ప్రైవేటుగా చెప్పిన ఇద్దరిలో ఒకరి లో బెడ్ కోర్బా వెళ్ళి ఉంది, గాజువాక తిరిగి వస్తూ జబల్పూర్ వైపు మళ్ళించి మన బండి ఎక్కించుకుంటానన్నాడు. నాగ్‌పూర్ దారినే. లక్షా 15 వేలకు ఒప్పుకున్నాడు. ఎక్కించాక 60 శాతం, గాజువాక చేరాక కొంత, ఊరికి చేరాక మిగతాది. ఆర్సీ, ఫిట్‌నెస్, నేషనల్ పర్మిట్, బీమా నాలుగూ ప్రభుత్వ వాహనాల వెబ్‌సైట్ పరివాహన్‌లో చూసుకున్నాను, అన్నీ నడుస్తున్నాయి. హాల్టింగ్ (ట్రైలర్ ఆగి ఉన్నందుకు ఇచ్చే ఛార్జీ) మాట ముందే తేల్చుకున్నాం, రెండో రోజు నుంచి ఇంత అని ఎల్ఆర్‌లో రాయిస్తున్నాం.

హూపులు విప్పిస్తున్నారు. బాణం నంబరు చెరిపించారు. పట్టా ఇక్కడి నుంచే పంపాను. యార్డులో మెకానిక్ ఛార్జి నేను కడతానన్నా జబల్పూర్ అన్న ఒప్పుకోవడం లేదు.

జబల్పూర్_తెలుగు

ఎక్కించే రోజు నేను సెలవు పెట్టాను. ర్యాంపు ఎక్కేటప్పుడు సొంత ఇంజన్‌తో కాకుండా వించ్‌తో లాగించాలని అనుకుంటున్నాం. బ్రేకులు లేని బండి ర్యాంపు మధ్యలో ఆగితే వెనక్కు జారుతుంది. వెనక చక్రాల వెంట ఇద్దరు దిమ్మలు పట్టుకుని నడుస్తారు. పక్కనే హైడ్రా క్రేను కూడా ఒకటి నిలబెట్టమని శీను గారు చెప్పారు.

హవల్దార్_సాబ్

ఆ ఇద్దరూ దిమ్మలు చేత్తో చక్రం కిందికి తోయకూడదు. దిమ్మలకు పొడుగు కర్ర పిడి కొట్టించండి. నిలబడేది చక్రం పక్కన, వెనక కాదు. వించ్ తీగ బిగిసినప్పుడు దాని వరసలో ఎవరూ ఉండకూడదు. తెగితే మనిషిని కోసేస్తుంది. దీని మీద మొహమాటం వద్దు, యార్డు ఆయన నవ్వినా సరే.

సిక్కోలు_రమణ

ఆఖరి సందేహం. హైవే నుంచి మా స్కూలు ఊరి లోపల కిలోమీటరు దూరం. రోడ్డు చిన్నది, మధ్యలో గుడి మలుపు ఉంది. లో బెడ్ లోపలికి వస్తుందా?

లోబెడ్_శీను

రాదు, రానివ్వకండి. ట్రైలర్ గుడి మలుపు దగ్గర ఇరుక్కుంటే రోజంతా పోతుంది. హైవే పక్కన సర్వీసు రోడ్డు మీదో, పెట్రోలు బంకు దగ్గరో అనుమతి అడిగి అక్కడే దింపండి. పగలు దింపండి. అక్కడి నుంచి ట్రాక్టర్‌తో, తాడుతో కాకుండా గట్టి టో బార్ (రెండు బండ్లనూ కలిపే ఇనుప కడ్డీ)తో లాగించండి. తాడుతో అయితే బ్రేకులు లేని బండి ట్రాక్టర్‌ను వెనక నుంచి గుద్దుతుంది. సాబ్ చెప్పినట్టు షాఫ్టులు విప్పి.

ఊళ్ళో కరెంటు తీగలు ఎత్తు ఎంత ఉన్నాయో ఇప్పుడే చూసుకోండి. వీధి దాటే తీగ 5.8 మీటర్లు ఉండాలని నిబంధన ఉన్నా పల్లెల్లో అవి వేలాడుతుంటాయి. కేబుల్ టీవీ వైర్లు ఇంకా కిందికి ఉంటాయి. నేల మీద శక్తిమాన్ 2.6 మాత్రమే కాబట్టి లాగేటప్పుడు ఇబ్బంది లేదు. కానీ స్కూల్లో దిమ్మె మీద నిలబెట్టడానికి హైడ్రా వస్తే దాని బూమ్ పైకి లేస్తుంది, అసలు ప్రమాదం అక్కడ. ఆ పూట లైన్‌మన్‌ను పిలిచి సప్లై ఆపించండి. స్కూలు గేటు వెడల్పు కొలిచారా?

సిక్కోలు_రమణ

కొలిచాం. 2.4 మీటర్లు. పక్క స్తంభం ఒకటి తీసి మళ్ళీ కట్టిస్తామని హెడ్మాస్టారు గారు ఒప్పుకున్నారు, మేస్త్రీతో మాట్లాడాను. దిమ్మెకు కాంక్రీటు ఈ వారమే పోస్తున్నాం, బండి వచ్చేసరికి గట్టిపడాలి కదా.

హవల్దార్_సాబ్

దిమ్మె మీద చక్రాలు ఆనేలా పెట్టవద్దు బాబూ. టైర్లు కుంగిపోతాయి. రెండు ఇరుసుల కిందా ఇనుప స్టాండ్లు పెట్టి బరువు వాటి మీద మోపండి, టైరు నేలకు తగిలీ తగలనట్టు ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడే స్టాండ్ల బోల్టులు లోపల పాతించండి. ఇరుసుల మధ్య దూరం జబల్పూర్ తమ్ముడితో కొలిపించి మేస్త్రీకి ఇవ్వు.

జబల్పూర్_తెలుగు

రేపు పొద్దున్నే కొలిచి ఇక్కడే పెడతాను.